పప్పు దుకాణం మీది ఇంగ్లీషు సారు

తాండూరుల ఇంగ్లీషు ఎవరు బాగ చెప్తరని అడగండి, రాధాకిషన్ సారు పేరే చెప్తరు అందరు. చెప్పినోళ్లల ఒక్కరు గూడ ఆయన దగ్గర కూసోని నేర్చుకున్నోళ్లు ఉండరు. ఫ్లెక్సీలు చూసిన్రు, ఫోన్ల రీల్స్ చూసిన్రు, గంతే. నేర్చుకున్నోళ్లను అడుగుతే మాత్రం నవ్వుకుంట పక్కకు పోతరు.

నేను ఆయన దగ్గర పని చేస్తా, అందుకే చెప్తున్న. నా పేరు రెబెక్క. మాది దౌల్తాబాద్ దిక్కు పల్లె. పొద్దంత ఒక ప్రైవేటు బడిల పిల్లలకు చెప్తా, సాయంత్రం బజారుల పప్పు దుకాణం మీద ఉన్న ఈయన కోచింగుల పెద్దోళ్లకు చెప్తా. చెప్తా అంటే నేనేదో సారుకు సాటి టీచరునని అనుకునేరు. ఆయన లెక్కల నేను అసిస్టెంటును. బోర్డు తుడుసుడు, కుర్చీలు ఏసుడు, ఆయన చెప్పింది ఎవలకూ అర్థం గాకపోతే మెట్ల మీద కూసోబెట్టి మళ్ల చెప్పుడు నా పని.

ఆ పప్పు దుకాణం సారు వాళ్ల నాయిన ధనరాజ్ సేటుది. మంచి మనిషి. దోసిట్ల కందిపప్పు పోసుకొని ఒక్కసారి ఊదిండంటే, అది ఏ ఊరి చెల్కల పండిందో చెప్తడు. కొడుక్కు మాత్రం చిన్నప్పటిసంది పప్పు దుమ్మంటే గిట్టది. అంగీ మీద ఇంత పొడి పడితే చాలు, ముక్కు చిట్లిస్తడు. ఆ పొడితోనే డిగ్రీ చదివిండు, ఆ పొడితోనే బైకు కొన్నడు, అది యాదికుండదు. డిగ్రీ అయినంక హైదరాబాద్ పోయి ఏదో ట్రైనింగు చేసి వచ్చిండు. ఆరు వారాలు! అమ్మ కడుపుల నుంచి నేర్చుకున్న తెలుగు మొత్తం గా ఆరు వారాలల్ల మర్చిపోయిండు. అంత జల్ది మర్చిపోవాలంటే గూడ తెలివి కావాలె, ఒప్పుకోవాలె.

వచ్చిన కొత్తల ఒకనాడు బజారుల కూరగాయలమ్మ దగ్గర నిలబడి, గోకరకాయను రెండు వేళ్లతోని పట్టుకొని "దీన్ని తెలుగుల ఏమంటరు?" అని అడిగిండు. ఆమె బిత్తరపోయింది. "ఏం సారూ, నిన్నగాక మొన్న మీ అమ్మ అర్ధకిలో కొనుక్కపోయింది గదా, తినలేదా?" అన్నది. నేను పక్కనే ఉన్న. నవ్వు ఆపుకోలేక కడుపుల నొప్పి లేసింది. సారుకు మాత్రం ఏం గాలె, కళ్లజోడు సర్దుకొని "ఇంట్రెస్టింగ్" అనుకుంట పోయిండు.

ఇగ ఆయన క్లాసు. గోడకు "తెలుగు బంద్" అని పెద్ద అక్షరాలు. ఆ మాట తెలుగులనే రాసి ఉంటది, అది ఆయనకు కనపడదు. వచ్చేటోళ్లు ఎవరు? నేలకు పరిచే బండలకు పాలిష్ చేసే ఆడోళ్లు, దుకాణాలల్ల పని చేసే పిల్లలు, నర్సింగుకు పోదామనుకునే బిడ్డలు. బషీరాబాద్ దిక్కునోళ్లయితే ఇంట్ల సగం కన్నడ, సగం తెలుగు. వాళ్ల ముందర నిలబడి ఈయన ముక్కుతోని గడగడ మాట్లాడి, ప్రతి మాటకు చివర "అండర్‌స్టాండ్?" అంటడు. అందరు ఒక్కటే సారి "యెస్ సార్" అంటరు. ఆయన మొఖం వెలిగిపోతది.

అరే, నువ్వు గీ ఊర్ల పుట్టినోడివే గదా! మా దిక్కు పెద్దమనిషి ముందట "నాకు అర్థం గాలె" అని ఎవరన్నా అంటరా? అంటే "నీకు చెప్పరాదు" అని మొఖం మీద అన్నట్టే గదా. అందుకే అవునంటరు, బయటికొచ్చినంక పక్కనోళ్లను అడుగుతరు. నేను ఆ సంగతి ఎన్నోసార్లు చెప్పిన. "సార్, అర్థమైందా అని అడగకుండ్రి. ఏం అర్థమైందో చెప్పుమనుండ్రి" అన్న. "రెబెక్కా, యు డోంట్ నో ద మెథడ్" అన్నడు. మెథడట! అసలు క్లాసు మెట్ల మీద నడిచేది. పైన గదిల నడిచేది ఆయన సోకు.

ఆ మెట్ల మీదనే భాగమ్మ నాకు దగ్గరైంది. బషీరాబాద్ అవతల పల్లె ఆమెది. తాండూరుల బండ పాలిష్ మిషన్ల దగ్గర పని. పొద్దుగూకే యాల్లకు రెప్పల మీద, ముక్కు పుటాల మీద తెల్లగ బండ పొడి పేరుకొని వస్తది. దగ్గు మొదలైతే ఆగది. డాక్టరు ఛాతి ఫోటో తీసి చూసి, ఆ పొడిల ఇంకా పని చేస్తే ఊపిరితిత్తులు ఖరాబైతయి, వేరే పని చూసుకో అన్నడట. వేరే పని ఎక్కడుంది? ఇంటాయన బీరప్ప బండల గనిల పని చేసెటోడు. రాయి జారి నడుం ఇరిగి మంచంల పడ్డడు. రాకేష్ అని ఒక కొడుకు, బడికి పోతున్నడు. ఇల్లు ఆమె మీదనే నడుస్తది.

గప్పుడే అనంతగిరి గుట్ట మీద ఒక కొత్త గెస్ట్ హౌస్ పెట్టిన్రు. పట్నంకెల్లి, బయట దేశాలకెల్లి వచ్చేటోళ్లు దిగుతరు. వాళ్ల రూములు చూసుకోనీకె, నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడే ఆడోళ్లు కావాలన్నరు. ఇంట్లోళ్లతోని ఉండనీకె జాగ ఇస్తరు, చెట్ల గాలి, దుమ్ము లేదు. ఆ గెస్ట్ హౌస్ మేనేజరు మేడం ఆదివారం మా కోచింగుకే వచ్చి మనుషులను ఎంచుకుంటదని తెలిసింది. మేడం ముందర ఎవర్ని కూసోబెట్టాలె అన్నది మా సారు చేతుల ఉన్నది. భాగమ్మ ఊపిరి పోయి పోయి ఈయన చేతుల పడ్డదన్నమాట.

ఆమెకు ఇంగ్లీషు రాదా అంటే, వస్తది. మెట్ల మీద నేను గెస్టును అయితే ఆమె పనామె అయ్యేది. "వాటర్ హాట్? టూ మినిట్స్ మేడం, ఐ బ్రింగ్" అని టకటక చెప్పేది. తప్పులుంటయి, ఉండనీ. ఏం కావాలో తెలుస్తది, ఏం చేస్తదో చెప్తది. మాట ఉన్నదే గందుకు గదా.

ఆదివారానికి ముందు సారు అందరికి పరీక్ష పెట్టిండు. ఒక్కొక్కరు లేవాలె, ఇంట్లోళ్ల గురించి చెప్పాలె. భాగమ్మ లేసింది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, కొడుకు పేరు చెప్పింది. సారు "హస్బెండ్ నేమ్?" అన్నడు.

భాగమ్మ ఆగింది. తల కిందికి దించింది. తర్వాత పక్కన కూసున్న మొగులమ్మ దిక్కు చూసింది. మొగులమ్మ గూడ పాలిష్ మిషన్ కాడ పని చేసేదే. ఆమె వెంటనే లేసి చక్కగ చెప్పింది: "హర్ హస్బెండ్ నేమ్ ఈజ్ బీరప్ప, సార్."

మా దిక్కు ఇది కొత్తనా? ఆడిది మొగుని పేరు నోటితోని పలకదు. రేషన్ దుకాణంల అడిగినా, దవాఖానల అడిగినా, పక్కనున్న ఆడిదాని దిక్కు చూస్తది, ఆమె చెప్తది. అడిగినోడు రాసుకుంటడు. ఎవలకూ ఏ పరేషానీ ఉండదు. ఇక్కడ మీదికెల్లి మొగులమ్మ ఇంగ్లీషులనే చెప్పింది, ఒక్క తప్పు లేకుండ. ఇంకో సారైతే సంతోషంతోని ఇద్దరికి చప్పట్లు కొట్టేటోడు.

ఈయన టేబుల్ మీద గుద్దిండు. "నో ప్రాంప్టింగ్! దిస్ ఈజ్ చీటింగ్!" అని అరిసిండు. మొగులమ్మ కాపీ కొట్టిచ్చిందట! తర్వాత తెలుగుల అందుకున్నడు. తిట్టనీకె మాత్రం తెలుగు యాదికొస్తది ఈయనకు. "ఇన్ని నెలలు నేర్చుకొని మొగుని పేరు చెప్పరాదా నీకు? గెస్టుల ముందట గిట్లనే గొర్రె లెక్క నిలబడతవా?" అన్నడు. ఇద్దరిని ఆదివారం కూసోబెట్టేది లేదన్నడు. వెనక నిలబడి మేడంకు నీళ్లు, చాయ్ అందియ్యమన్నడు.

నాకు ఒళ్లు మండింది. అందరు పోయినంక సారు ముందర నిలబడ్డ. "సార్, ఆమెకు రాక కాదు. మర్యాద. మీకు తెల్వదా?" అన్న.

"ఇది మర్యాద కాదు రెబెక్కా, మైండ్‌సెట్. విలేజ్ మైండ్‌సెట్. దీన్ని మనం బ్రేక్ చేయాలె."

"మరి మీ అమ్మ మీ నాయినను ఏమని పిలుస్తది సార్?"

ఆయన మొఖం మాడింది. "డోంట్ బి పర్సనల్" అని ఫోను చెవికి పెట్టుకున్నడు. అవతల ఎవరు లేరు, ఫోను మోగలేదు గూడ.

వాళ్లమ్మ పద్మమ్మ గురించి చెప్పాలె. సాయంత్రం పూట మాకు చాయ్ ఆమెనే తెస్తది. తెచ్చి, మెట్ల మీద మాతోని జరసేపు కూసుంటది. సేటును "దుకాణంల ఆయన" అంటది, లేకుంటే "మా పిల్లగాని బాపు" అంటది. పెండ్లయిన కాడికెల్లి ఆయన పేరు ఆమె నోట్ల నుంచి రాలేదు. ఆ ఇంట్లనే పుట్టి, ఆ మాటలు వినుకుంట పెరిగి, పరాయి ఆడిదాన్ని పట్టుకొని మైండ్‌సెట్ అంటడు చూడుండ్రి. బయటి దేశపోడు తెల్వక అంటే క్షమించొచ్చు. తెలిసి తెల్వనట్టు నటించేటోనికి ఏం చెప్తం?

నేను మెట్ల కాడికి వచ్చేవరకు భాగమ్మ గోడకు ఒరిగి దగ్గుతున్నది. పద్మమ్మ ఉడుకు నీళ్లు తెచ్చి తాగిపిస్తున్నది. నేను నా కోపమంత భాగమ్మ మీద తీసిన. "ఒక్కసారి చెప్తే ఏం పోతదే? ఆయన ఇక్కడ ఉన్నడా, వింటడా? నీ ఊపిరి కంటే ఎక్కువనా గా పేరు? ఇప్పుడే చెప్పు నా ముందట, రేపు సారుకు చెప్తువు" అన్న.

ఆమె ప్రయత్నం చేసింది, పాపం. నోరు తెరిసింది. పెదవులు కలిపింది. మాట రాలె. కండ్లల నీళ్లు వచ్చినయి.

"ఆయన వినడు టీచరమ్మా, నాకు ఎరికే" అన్నది. "గనిల పని చేసే నాడైతే ఎట్లనో చెప్తునేమో. ఇప్పుడు మంచంల ఉన్నడు. ఇప్పుడు పేరు పెట్టి అన్న అనుకో, సంపాదన లేదని నేనే ఆయన మర్యాద తీసేసినట్టు. ఇంటికి పోయి ఆయన మొఖం ఎట్ల చూడాలె?"

నాకు సిగ్గనిపించింది, నిజం చెప్తున్న. పద్మమ్మ గ్లాసు కింద పెట్టింది. "గంత మాటకు ఆదివారం కూసోబెట్ట అన్నడా వాడు?" అని అడిగింది. అవునన్న. ఆమె లేసి కిందికి పోయింది.

ఆదివారం వచ్చింది. మేడం పేరు వందన, కలబురగి ఆమె. తెలుగు గూడ వస్తది. సాదా చీర, మెల్లగ మాట్లాడుతది. మా సారు మాత్రం గంత ఎండల కోటు ఏసుకున్నడు, లోపట చెమటకు అంగీ తడిసి ముద్దైంది. తనకు నచ్చినోళ్లను ముందు వరుసల కూసోబెట్టిండు. భాగమ్మ, మొగులమ్మ వెనక నీళ్ల కుండ పక్కన నిలబడ్డరు.

ముందు వరుసోళ్లు లేసి, సారు బట్టీ పట్టిచ్చిన నాలుగు ముక్కలు రైలు లెక్క చదివిన్రు. అమ్మ పేరు, నాయిన పేరు, మొగుని పేరు, అన్ని వచ్చినయి. సారు ఛాతీ ఉబ్బింది. మేడం అంతా విని, ఒక పిల్లను ఇంగ్లీషుల అడిగింది: రూముల నీళ్లు వస్తలేవని గెస్టు అంటే నువ్వేం చేస్తవ్?

"యెస్ మేడం" అన్నది ఆ పిల్ల.

మేడం ఇంకొకరిని అడిగింది. గెస్టుకు జరమొస్తే ఏం చేస్తవ్? "యెస్ మేడం. థాంక్యూ మేడం." మూడో ఆమె నవ్వింది, నవ్వుకుంటనే ఉన్నది. పాపం వాళ్ల తప్పేమున్నది? వాళ్లకు నేర్పిన ఇంగ్లీషే అవునని. ఏం అడిగినా అవునంటే సారు ఖుష్ అయ్యేటోడు, మేడం గూడ అయితదనుకున్నరు.

సారుకు చెమటలు పట్టినయి. గప్పుడే పద్మమ్మ చాయ్ తీసుకొని మీదికొచ్చింది. ఈయనకు బుర్రల ఏదో వెలిగింది. "మేడం, మై ఓన్ మదర్! టోటల్ రూరల్! ఐ ట్రెయిన్డ్ హర్!" అన్నడు. రూరలట! ఆమె పుట్టింది వికారాబాద్ బజారుల, వచ్చింది తాండూరు బజారుకు. కన్నతల్లిని ఆటల బొమ్మ లెక్క నిలబెట్టి, "మమ్మీ, ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్" అన్నడు.

పద్మమ్మ ట్రే కింద పెట్టింది. "మై నేమ్ ఈజ్ పద్మమ్మ" అన్నది. బాగనే అన్నది.

"గుడ్! హస్బెండ్ నేమ్, మమ్మీ?"

కొడుకు పరువు కోసం చెప్తదేమో అనుకున్న. తల్లులకు గా బలహీనత ఉంటది. ఆమె కొంగు తీసి తల మీద కప్పుకున్నది. వెనక్కి తిరిగి, నీళ్ల కుండ దిక్కు చూసింది.

"భాగమ్మా, జర నువ్వు చెప్పు బిడ్డా" అన్నది.

సారు మొఖం పాలిపోయింది. భాగమ్మ నన్ను చూసింది. నేను తల ఊపిన. ఆమె రెండడుగులు ముందుకొచ్చి, గొంతు సర్దుకొని, "మేడం, హర్ హస్బెండ్ నేమ్ ఈజ్ ధనరాజ్. షాప్ ఈజ్ డౌన్. వెరీ గుడ్ పప్పు, మేడం" అన్నది.

మేడం పకపక నవ్వింది. "నో ప్రాంప్..." అని సారు నోరు తెరిసిండు గానీ, తల్లి ఎదురుంగనే ఉన్నది, మింగిండు. మేడం భాగమ్మను దగ్గరికి పిలిసింది. "మా అవ్వ గూడ మా తాత పేరు చెప్పకపోయేది. నేనే పక్కన నిలబడి చెప్తుంటి" అని, "మరి నీ ఇంటాయన పేరు ఎవరు చెప్తరు?" అని అడిగింది. కుండ పక్క నుంచి మొగులమ్మ టక్కున అందుకున్నది: "బీరప్ప, మేడం!"

తర్వాత మేడం అదే నీళ్ల ప్రశ్న అడిగింది. భాగమ్మ జర సేపు ఆలోచించి, "ఫస్ట్ ఐ సే సారీ. దెన్ ఐ గో, సీ. దెన్ ఐ కమ్ బ్యాక్, టెల్ గెస్ట్" అన్నది. మేడం ఇంకేం అడగలె. "ఒకటో తారీఖు నాడు ఇద్దరు వచ్చేయుండ్రి" అన్నది. భాగమ్మకు దగ్గొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకొని దగ్గింది, దగ్గుకుంటనే నవ్వింది. నాకు కండ్ల నీళ్లు తిరిగినయి.

ఇంకొకడైతే గీడికి నోరు మూసుకొని కూసుంటడు. రాధాకిషన్ సారుకు అది చేతగాదు. "సీ మేడం, దిస్ ఈజ్ మై ట్రైనింగ్! ఐ టాట్ దెమ్ టీమ్ వర్క్!" అని ముందుకు దుంకిండు. వారం కింద చీటింగ్ అన్నది గీరోజు టీమ్ వర్క్ అయింది. అంతటితోని ఆగిండా? తల్లి భుజం మీద చెయ్యేసి ఫోను మీదికెత్తి, వీడియో తీసుకుంట, "మమ్మీ, టెల్ మేడం! నీ సన్ నేమ్ ఏంది? ఎవరు ఈ టీచర్?" అన్నడు.

పద్మమ్మ కొడుకు మొఖం దిక్కు చూసింది. చానసేపు చూసింది. చెంపకు కారుతున్న చెమట చూసింది, కోటు చూసింది, ఫోను చూసింది. సేటు పేరు అడిగినప్పుడు కప్పుకున్న కొంగును తల మీద నుంచి కిందికి దించింది.

"ఇది గూడ నువ్వే చెప్పు భాగమ్మా" అన్నది. "నా నోటితోని నేను చెప్ప."

అక్కడున్న ప్రతి ఆడిదానికి అర్థమైంది, మేడంకు గూడ అయింది, చాయ్ గ్లాసులకే మొఖం దించుకున్నది. భాగమ్మ పరేషాన్ అయి నా దిక్కు చూసి, చివరికి చిన్న గొంతుతోని "హర్ సన్ నేమ్ ఈజ్ రాధాకిషన్ సార్" అన్నది. చివర సార్ అని తనే కలిపింది. ఆమె మర్యాద ఆమెది.

సారు చప్పట్లు కొట్టిండు. అందరి కంటే గట్టిగ ఆయనే కొట్టిండు.

అందరు పోయినంక నేను కుర్చీలు సర్దుతుంటే దగ్గరికొచ్చిండు. "మమ్మీకి స్టేజ్ ఫియర్ రెబెక్కా. సొంత కొడుకు పేరు గూడ చెప్పలేకపోయింది. ప్రాక్టీస్ చేపియ్యాలె" అన్నడు.

నేను కుర్చీ కింద పెట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు మెల్లగ, ఒక్కో మాట విడివిడిగ చెప్పిన. "సార్, మీ నాయిన పేరు మీ అమ్మ మర్యాద ఉండి చెప్పలె. మీ పేరు మర్యాద లేక చెప్పలె. అండర్‌స్టాండ్?"

ఆయన తల్లి వీడియో మళ్లమళ్ల ముందుకు, వెనక్కి జరుపుకుంట, ఏ పాట పెడితే బాగుంటదో చూస్తున్నడు.

"యెస్, యెస్" అన్నడు.